కనిపించే పళ్ళకా, కనిపించని పన్నుకా?

అనంతపురంలో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్న పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ముఖ్యమైన సంగతులు వారి మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"నాకు 27 ఏళ్ళు. మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పటి నుంచీ ముందు పళ్ళ మీద గోధుమరంగు మరకలు, మధ్య మధ్య సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు ఉన్నాయి. ఫోటో తీస్తున్నారంటే నోరు బిగించి నిలబడతాను. తరగతిలో పిల్లలు నవ్వించినా చేయి అడ్డం పెట్టుకుంటాను. పెళ్ళిచూపులయ్యాక రెండు సంబంధాలు ఆగిపోయాయి. రెండోవాళ్ళు 'ఇది వంశంలో ఉన్న జబ్బా, పిల్లలకూ వస్తుందా' అని మధ్యవర్తితో అడిగించారు. మా అన్నయ్య పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. అవి చూశాక వాళ్ళ అనుమానం ఇంకా పెరిగింది. వాడు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నంద్యాలలో అమ్మమ్మ దగ్గర గారాబంగా పెరిగాడు లెండి, అన్నింట్లోనూ వాడే అదృష్టవంతుడు.

సంక్రాంతి తర్వాత ఇంకో సంబంధం వాళ్ళు వస్తామన్నారు. పై ముందు పళ్ళు ఆరింటికి వెనీర్లు, అంటే పలుచని పెంకులు అంటిస్తే మరకలు కనిపించవని, పన్నుకు 7 వేల చొప్పున 42 వేలు అవుతుందని క్లినిక్కులో చెప్పారు. నేను కూడబెట్టింది 45 వేలు. చిక్కు ఏమిటంటే, కింద కుడివైపు పెద్ద దవడ పన్ను పుచ్చిపోయింది. రెండేళ్ళుగా నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపు మాత్రలతో నెట్టుకొస్తున్నాను. మూడు నెలల కిందట చెంప వాచింది. ఐదు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గింది. ఇప్పుడు నొప్పి అస్సలు లేదు. చిగురు మీద చిన్న మొటిమ లాంటిది మాత్రం వచ్చి పోతూ ఉంటుంది. అదే క్లినిక్కులో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి, 8 వేలు అన్నారు. 'నొప్పి లేని పన్నుకు డబ్బెందుకు? అది ఎవరికి కనిపిస్తుంది? కాదంటే పీకించుకో' అంటుంది అమ్మ. దవడ పన్ను పీకిస్తే కంటిచూపు దెబ్బతింటుందని నానమ్మ.

అమ్మకు 52 ఏళ్ళు, షుగరు ఉంది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది, రెండు పళ్ళు కదులుతున్నాయి. క్లీనింగ్ చేయించుకోమంటే, పక్కింటావిడకు అది చేయించాకే పళ్ళు వదులయ్యాయని మొండికేస్తుంది. భోజనం అయ్యాక ఆకువక్కలో పొగాకు పెట్టుకునే అలవాటుంది. ఊళ్ళో ఉన్న అన్నయ్య కొడుక్కి మూడేళ్ళు. వాడి ముందు పళ్ళు అప్పుడే నల్లబడ్డాయి. పాలపళ్ళేగా అని ఎవరూ పట్టించుకోరు. నా డబ్బు దేనికి పెట్టుకోను?"

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఒకటుంది: 'ఇప్పుడు నొప్పి అస్సలు లేదు.' ఆ మాట మీ అమ్మగారికి ఊరటనిచ్చింది. నాకు మాత్రం కంగారు పుట్టించింది. పిప్పి పన్ను తనంతట తాను బాగుపడదు. లోపలి నరం బతికి ఉన్నంత కాలం చల్లనీళ్ళకూ తీపికీ జివ్వుమంటుంది. తర్వాత రాత్రిళ్ళు కునుకు పట్టనివ్వని పోటు మొదలవుతుంది. ఆపైన ఒకరోజు ఉన్నట్టుండి అంతా సద్దుమణుగుతుంది. నరం చచ్చిపోయింది కనుక. కుళ్ళు మాత్రం ఆగదు, వేరు కొస నుంచి దవడ ఎముకలోకి దిగుతుంది. చిగురు మీద వచ్చి పోయే ఆ మొటిమ చీము బయటపడడానికి ఏర్పడిన రంధ్రం. అది తెరుచుకుని ఉంటే లోపల ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. మూసుకున్న రోజున చెంప వాస్తుంది.

మాత్రలతో తగ్గింది కదా అంటారు. యాంటీబయాటిక్ రక్తంతో పాటు ప్రయాణం చేసి పనిచేస్తుంది. చచ్చిన నరం ఉన్న గొట్టంలోకి రక్తమే వెళ్ళదు, ఇక మందు ఎలా వెళుతుంది? చుట్టూ ఉన్న వాపు అణిగి, లోపలి కుళ్ళు అలాగే ఉంటుంది. కొన్నాళ్ళకు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా ఇలా మాటిమాటికీ వాడితే, నిజంగా అవసరం పడిన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. నొప్పి మాత్రల సంగతి సరేసరి, కడుపుకూ మూత్రపిండాలకూ అవి చేసే చేటు మీరు వినే ఉంటారు.

రూట్ కెనాల్ అంటే భయపెట్టే కథలు చాలా ఉన్నాయి. జరిగేది ఇంతే: మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను పైభాగంలో రంధ్రం చేసి, సన్నని సూదుల్లాంటి ఫైళ్ళతో వేరు గొట్టాలను తోడి, కడిగి, రబ్బరు వంటి పదార్థంతో పూడ్చేస్తారు. మీలా చీము ఉన్నవాళ్ళకు రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు. అసలు పొరపాటు చాలామంది ఆ తర్వాత చేస్తారు. నొప్పి పోయింది కదా అని క్యాప్ డబ్బు మిగుల్చుకుంటారు. లోపల డొల్ల అయిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. ఆర్నెల్లకో ఏడాదికో వేయించిన శనక్కాయ కొరికిన క్షణంలో నిలువునా చీలుతుంది. వేరు దాకా చీలిన పన్నును పీకడం తప్ప చేయగలిగింది లేదు. కాబట్టి చేయిస్తే రెండూ చేయించండి. దవడ పన్నుకు పంటి రంగు క్యాప్ తప్పనిసరి కాదు. లోహపు క్యాప్ చవక, గట్టిది కూడా. ఎవరికి కనిపిస్తుంది అన్న మీ అమ్మగారి ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది!

పీకించుకోవడమూ తప్పు కాదు. ఒక్క పూటలో, తక్కువ ఖర్చుతో చీము పీడ విరగడవుతుంది. తర్వాతి లెక్క మాత్రం పీకే రోజు ఎవరూ చెప్పరు. ఖాళీ అయిన చోటికి వెనక పన్ను మెల్లగా ఒరుగుతుంది. పైపన్ను ఆనిక లేక కిందికి జారుతుంది. సందుల్లో మెతుకులు ఇరుక్కుని ఆ పళ్ళూ పుచ్చుతాయి. ఆ వైపు నమలడం మానేసి అంతా ఎడమవైపుతో లాగిస్తారు. ఖాళీ పూడ్చాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీసి వాటి ఆసరాతో నిలిచే కట్టుడు పన్ను, అంటే బ్రిడ్జి వేయాలి, లేదంటే ఎముకలో మర బిగించి దాని మీద పన్ను పెట్టే ఇంప్లాంట్. రెండూ సాధారణంగా రూట్ కెనాల్ కంటే ఎక్కువ ఖర్చు. 27 ఏళ్ళ వయసులో నేనైతే పన్నును నిలుపుకునే వైపే మొగ్గుతాను. అయితే ఎక్స్‌రే చూసిన డాక్టరు వేరు చీలిందనో, పుచ్చు పన్నును చిగురు కిందిదాకా తినేసిందనో చెబితే మొహమాటం లేకుండా తీయించేయండి.

ఇక ఏమీ చేయకుండా వదిలేయడం. కొందరికి ఏళ్ళ తరబడి ఏమీ కాదు, మరికొందరికి ఒక్క రాత్రిలో ముదురుతుంది. దవడ కింద, గొంతు వైపు వాపు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. అది ఊపిరికి అడ్డుపడే ప్రమాదం. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

నానమ్మగారి కన్ను సంగతి. పంటి నరాలు, కంటి చుట్టూ స్పర్శ తెలిపే నరాలు ఒకే పెద్ద నరం కొమ్మలు, అందుకే పై పన్ను నొప్పి కొన్నిసార్లు కణత దాకా, కంటి దాకా లాగుతుంది. చూపునిచ్చే నరం మాత్రం పూర్తిగా వేరు, దానికి పళ్ళతో పని లేదు. పైగా మనవాళ్ళకు పళ్ళు ఊడే వయసూ కంటిలో శుక్లాలు వచ్చే వయసూ దాదాపు ఒకటే. శుక్లం చేసిన పనికి పీకిన పన్ను నింద మోస్తుంది. ఆమెతో వాదించకండి. మీరు చేయించేది పీకించడం కాదని చెబితే చాలు.

డబ్బు చాలదనుకుంటే ఇంకో మార్గం ఉంది. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో దంత విభాగం ఉంది, మొదట అక్కడ చూపించుకోవచ్చు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కర్నూలులో ప్రైవేటు దంత కళాశాల ఉంది. కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది, పని నెమ్మదిగా సాగుతుంది. ఎక్కువసార్లు తిరగాలి, ప్రతిసారీ బస్సులో ఒక పూట పోతుంది. బడి సెలవులు కలిసొస్తే కడప బస్సు ఎక్కండి. లేదంటే మీ ఊరి క్లినిక్కులోనే 8 వేలు పెట్టడం నయం. నాలుగు రోజుల జీతం కోత పడితే కళాశాలలో మిగిలింది ఇక్కడ పోతుంది.

ఇప్పుడు మరకలు. వీటికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు దాన్ని అన్నయ్య అదృష్టం కింద రాసేశారు. శాశ్వత దంతాల పైపొర, అంటే ఎనామెల్, చిగుళ్ళ లోపల తయారయ్యేది పుట్టిన కొన్ని నెలల నుంచి ఎనిమిదేళ్ళ లోపే. ఆ కాలంలో తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు, సన్నని రంధ్రాలతో తయారవుతుంది. పన్ను బయటికి వచ్చాక ఆ రంధ్రాల్లో రంగు పట్టి గోధుమ మరక అవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. అనంతపురం రాతినేలలో లోతు బోర్లు చాలాచోట్ల ఆ హద్దు దాటుతాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో వందల ఊళ్ళకు నీళ్ళిచ్చింది, అయినా బోరు నీళ్ళ మీద ఆధారపడ్డ పిల్లలు మిగిలారు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరిలో మీరు కళ్యాణదుర్గం దగ్గర పెరిగారు. అన్నయ్య పళ్ళు తయారైన ఏళ్ళన్నీ నంద్యాలలో గడిచాయి, అక్కడ నీళ్ళు వేరు. పెళ్ళివారి అనుమానానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇది నెత్తురులో వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. ఫ్లోరైడ్ హద్దులో ఉన్న నీళ్ళు తాగితే మీ పిల్లలకు రాదు.

వెనీర్ల విషయంలో నేను కొంచెం అడ్డం పడతాను. పింగాణీ వెనీరు అంటే పన్ను ముందువైపు ఎనామెల్‌ను అర మిల్లీమీటరు అటూ ఇటూగా అరగదీసి అంటించే పలుచని పెంకు. చూడడానికి చాలా బాగుంటుంది. కానీ అరగదీసిన పొర తిరిగి రాదు. పెంకులు పదీ పదిహేనేళ్ళకు మార్చాల్సి వస్తుంది. మీకు 60 ఏళ్ళు వచ్చేలోపు ఎన్నిసార్లో మీరే లెక్క వేసుకోండి. ఫ్లోరైడ్ పళ్ళ మీద జిగురు పట్టు కొంత తక్కువ కూడా. అంత దూరం వెళ్ళేముందు ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఉన్నాయి. ముందు మామూలు క్లీనింగ్ చేయించండి. గార, టీ మరకలు పోతే అసలు మరక ఎంతో తేలుతుంది. తర్వాత మైక్రో అబ్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. పలుచని ఆమ్లం, గరుకు పేస్టు కలిపి పైపైన కొద్దిగా రుద్దుతారు. లోతు లేని గోధుమ మరకలకు ఇది బాగా పనిచేస్తుంది. దాని మీద అవసరమైతే బ్లీచింగ్, అంటే మందుతో పళ్ళను తెల్లబరచడం. అందులో కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమంటాయి, మొదట్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు, బెదరకండి. అప్పటికీ మిగిలిన ఒకటి రెండు పళ్ళకు కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థంతో పూత వేయించవచ్చు. అది కొన్నేళ్ళకు రంగు మారుతుంది, అంచులు విరుగుతాయి, కానీ బాగు చేయడం సులువు, పన్ను పెద్దగా అరగదు. మరకలు లోతుగా ఉండి, పైపొర గుంటలు పడి ఉంటే ఇవేవీ చాలవు, అప్పుడు వెనీరే న్యాయం. మీ పళ్ళు ఏ రకమో చూడకుండా నేను చెప్పలేను. వెనీర్లు చెప్పిన డాక్టరునే అడగండి: మైక్రో అబ్రేషన్ ఎందుకు వద్దు? ఎంత అరగదీస్తారు? ఒకటి ఊడితే తిరిగి అంటించే ఖర్చు ఎవరిది? జవాబు విసుగ్గా వస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోడ్డు పక్కన ఐదు నిమిషాల్లో తెల్లగా చేస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం పొరపాటున కూడా వెళ్ళవద్దు. వాళ్ళు రుద్దేది ఘాటైన యాసిడ్.

సంక్రాంతి గడువు మీరు పెట్టుకున్నది కాదు, వాళ్ళు పెట్టింది. దానికోసం ఆరు పళ్ళను హడావిడిగా అరగదీయించుకోవచ్చు, చాలామంది చేస్తారు. ఫలితం వెంటనే ఉంటుంది, తర్వాతి బాధ్యత జీవితాంతం ఉంటుంది. లేదా వాళ్ళు వచ్చేలోపు మధ్యవర్తి ద్వారా ముందే చెప్పించవచ్చు: ఇది చిన్నప్పటి బోరు నీళ్ళ వల్ల వచ్చింది, జబ్బు కాదు, మరకలకు వైద్యం జరుగుతోంది అని. ముందే చెబితే ఒకరిద్దరు రాకుండానే ఆగిపోవచ్చు. ఆగేవాళ్ళు ఫలహారాలయ్యాక ఆగడం కంటే ముందే ఆగడం మీకు తక్కువ అవమానం అని నా అభిప్రాయం. ఎంపిక మీదే. నేను చెప్పగలిగింది వరస మాత్రమే: ముందు దవడ పన్ను, తర్వాత క్లీనింగ్, ఆపైన మరకలు. చీము ఉన్న నోట్లో అందం పని మొదలుపెట్టడం ఏ డాక్టరుకూ తగదు. ఈ వరసలో వెళితే మీ 45 వేలలో చెప్పుకోదగ్గ భాగం మిగలవచ్చు కూడా.

మీ మేనల్లుడి విషయం పాలపళ్ళ కంటే పెద్దది. మీ పళ్ళు పాడైన వయసులోనే వాడు ఇప్పుడున్నాడు, అదే ఊళ్ళో. వాడి శాశ్వత దంతాలు ఈ ఏళ్ళలోనే చిగుళ్ళ కింద తయారవుతున్నాయి. నీళ్ళు కాచి ఇస్తున్నామంటారేమో, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే వాడికి తాగడానికీ వండడానికీ ఆర్వో ప్లాంటు నీళ్ళే వాడమనండి. నల్లబడ్డ ముందు పళ్ళకు కారణం బహుశా రాత్రి సీసాలో చక్కెర పాలు. సీసా మానిపించి డాక్టరుకు చూపించాలి. ముందు పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడినా, వెనకవి పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి.

ఫ్లోరైడ్ ఎక్కువైన ప్రాంతంలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టు ఎందుకని మీ ఇంట్లో ఎవరో అడుగుతారు. పెద్దవాళ్ళ పళ్ళు తయారైపోయాయి, పేస్టు ఉమ్మేస్తారు, పైపైన తగిలే ఫ్లోరైడ్ పుచ్చును అడ్డుకుంటుంది. మీరు నిశ్చింతగా వాడండి, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, మెత్తటి బ్రష్షుతో. పిల్లవాడు మింగుతాడు కనుక వాడికి బియ్యపు గింజంత చాలు, అదీ పెద్దవాళ్ళే రుద్దాలి.

మిగిలింది మీ అమ్మగారు. పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పళ్ళ సందుల్లో సిమెంటులా గట్టిపడి, ఎముక కరిగి ఊగుతున్న పళ్ళను కూడా పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే అప్పటిదాకా దాగి ఉన్న కదలిక బయటపడుతుంది. వాచిన చిగుళ్ళు తగ్గి సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లనిది తగిలితే జివ్వుమంటుంది. నింద క్లీనింగ్ మీద పడుతుంది. గార అలాగే ఉంచితే ఆ ఎముక ఇంకా కరుగుతుంది, కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. అమ్మగారి విషయంలో షుగరు దీనికి ఆజ్యం. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు, చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం. కదిలే రెండింటిని కాపాడగలరో లేదో తెలియదు. మిగతావాటిని ఇప్పుడు పట్టుకుంటే నిలుపుకోవచ్చు.

నీ పళ్ళు చూపించుకో అంటే ఆమె రారు. మీ రూట్ కెనాల్‌కు భయంగా ఉంది, తోడు రా అనండి. తోడు రానని ఏ తల్లీ అనదు. వచ్చాక పక్కన కూర్చున్న మనిషి నోరు కూడా చూడమని డాక్టరును అడగండి, ముఖ్యంగా ఆకువక్క నొక్కి పెట్టుకునే వైపు చెంప లోపల. అక్కడ తెల్లటి మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే పళ్ళ సంగతి ఎలా ఉన్నా దాన్ని ముందు పరీక్ష చేయించాలి. బయలుదేరేటప్పుడు ఆమె చివరి షుగరు రిపోర్టు, రోజూ వేసుకునే మాత్రల చీటీ మీ సంచిలో పెట్టుకోండి. పన్ను తీయాలన్నా, చిగుళ్ళ వైద్యం చేయాలన్నా డాక్టరు మొదట అడిగేవి అవే.